గాలిలో పగ్గాలు

కరీంనగర్ జిల్లాలో 1980లలో పెరిగినవాళ్లకి "దుబాయి పెట్టె" అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచీ, ఆదిలాబాద్ జిల్లాలో నిర్మల్, ఖానాపూర్ వైపు నుంచీ మగవాళ్లు బొంబాయి మీదుగా గల్ఫ్ దేశాలకు పోయేవారు. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి, నైలాను తాళ్లతో అష్టదిగ్బంధం చేసిన పెద్ద అట్టపెట్టెతో దిగేవారు. ఆ పెట్టె విప్పటం ఒక పండగ. వాడంతా అక్కడే. ముందు బొచ్చు దుప్పటి వచ్చేది. తర్వాత టేప్‌రికార్డరు, సెంటు సీసాలు, తలనొప్పి మందు, ఒంటిమీద నిలవకుండా జారిపోయే చీరలు. అట్టడుగున, నలగకుండా లుంగీల మధ్య దాచి తెచ్చిన పిల్లవాడి బొమ్మ. మూడేళ్లుగా చూడని కొడుకు ఎంత ఎదిగాడో తండ్రికి తెలియదు. చొక్కా కొలత తప్పేది. బొమ్మకి కొలత అక్కర్లేదు కదా!

ఆ బొమ్మల్లో మహారాజు రిమోట్ కారు. తాడు లేదు, తీగ లేదు. పిల్లవాడు అరుగు మీద కూర్చుని చేతిలో పెట్టె నొక్కితే వాకిట్లో కారు కదిలేది. కోళ్లు చెట్టెక్కేవి. ముసలమ్మలు ముక్కున వేలేసుకునేవారు.

మా వాడలో ఎదురెదురు ఇళ్ల షడ్డకులిద్దరు ఒకే ఏడాది ఒకేలాంటి ఎర్రకార్లు తెచ్చారు. సాయంత్రం పెద్దవాడు తన పెట్టె మీద నొక్కగానే ఎదురింటి వాకిట్లో ఆగి ఉన్న చిన్నవాడి కారు లేచి, తిన్నగా పోయి మోరీలో పడింది. ఇంకేముంది, పిల్లలు ఏడుపు, తల్లులు యుద్ధం.

"అక్కా, నీ కొడుకే మావోని బండిని మోరిల వడగొట్టిండు."

"మావోడు అరుగు మీదికెల్లి దిగనే లేదు. ఎట్ల వడగొడ్తడే?"

అక్కాచెల్లెళ్లు రెండు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి రేడియోలు బాగుచేసే ఆయన వచ్చి చెప్పాడు: "గొడవెందుకమ్మా, రెండు బండ్లకు ఒకటే స్టేషన్ వెట్టిండ్రు." ఆ ఒక్క మాట అర్థమైతే రేడియో కంట్రోలరు చరిత్ర సగం అర్థమైనట్టే. మిగతా సగం ఆ చిక్కును విప్పటానికి లోకం పడ్డ పాట్లు.

స్టేషన్ అంటే మనకు తెలుసు. రేడియో ముల్లు తిప్పుతుంటే పాట మధ్యలో ఇంకెవరిదో వార్త వచ్చి పడటం ఎన్నిసార్లు వినలేదు! గాలిలో దారులు కొన్నే. ఒకే దారిలో ఇద్దరు వస్తే ఇద్దరి మాటా కలిసిపోతుంది. పాటలో వార్త కలిస్తే విసుక్కుని ఊరుకుంటాం. ఎగురుతున్న విమానానికి ఇద్దరి ఆజ్ఞలు ఒకేసారి అందితే అది ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

తీగ లేకుండా దూరాన ఉన్న వస్తువును కదిలించటం మన దేశానికి కొత్తేమీ కాదు. 1895 ప్రాంతంలోనే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు గోడలకు అవతల ఉన్న గంటను మోగించి చూపించారు, తుపాకిమందును అంటించి చూపించారు. తర్వాత 1898లో న్యూయార్క్ నగరంలో నికోలా టెస్లా మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక నీటితొట్టె కట్టించి, అందులో ఇనుప పడవ వదిలాడు. చేతిలో పెట్టె మీద మీట తిప్పితే పడవ తిరిగింది, దీపాలు వెలిగాయి. జనం నమ్మలేదు. లోపల తర్ఫీదు ఇచ్చిన కోతి ఉందన్నారట కొందరు. ఆలోచనతోనే నడుపుతున్నాడన్నారట ఇంకొందరు. ఆ ఏడు నవంబరులో టెస్లాకు పేటెంటు వచ్చింది. పడవ మాత్రం ఆయన ఆశించినట్టు ఎవరి సైన్యంలోనూ చేరలేదు. లోకంలో చాలా వస్తువులు ముందు యుద్ధానికి పుట్టి, తర్వాత పిల్లల చేతికి బొమ్మలవుతాయి. ఇదీ ఆ బాపతే.

విమానం ఎగరటానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ అనే ఊళ్లో వాల్టర్ గుడ్, విలియమ్ గుడ్ అనే కవలలు ఉండేవారు. ఒకడికి విమానాల పిచ్చి, ఇంకొకడికి రేడియో పిచ్చి. ఒక తల్లి కడుపున రెండు పిచ్చిలు పుడితే ఆ ఇల్లాలి వంటిల్లు ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు. 1937లో వాళ్లు "గఫ్" అనే ఎనిమిదడుగుల రెక్కల బొమ్మవిమానాన్ని రేడియోతో నడిపారు. రేడియోతో నడిచిన తొలి బొమ్మవిమానాల్లో దానికి పెద్ద పేరు. ఇప్పుడది అమెరికాలో స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో ఉంది.

ఆ కాలపు విమానాలు నడిపినవాళ్ల ఓపికకి దండం పెట్టాలి. చేతిలో ఉన్నది ఒకటే మీట. లోపల మెలిపెట్టిన రబ్బరుతాడు. మీట ఒకసారి నొక్కితే తోక కుడికి, వదిలితే మధ్యకి, మళ్లీ నొక్కితే ఎడమకి. ఇప్పుడే కుడికి తిప్పాను కాబట్టి ఈసారి ఎడమ వస్తుంది అని మనసులో లెక్క పెట్టుకోవాలి. లెక్క తప్పితే చెట్టు. కుడికి పావువంతు తిప్పటం, అరవంతు తిప్పటం అనేవి లేనే లేవు. పూర్తిగా కుడి, లేదా అసలు లేదు. కొందరు మామగార్ల మాటలాగ.

రేడియో కొనలేనివాళ్లు రెండు సన్నటి ఉక్కుతీగలు కట్టి విమానాన్ని తమ చుట్టూ గుండ్రంగా తిప్పుకునేవారు. గానుగెద్దు తిరిగినట్టే, కాకపోతే ఈ ఎద్దు ఎగురుతుంది. మన ఎన్‌సీసీ వైమానిక విభాగం పిల్లలు ఈ తీగవిమానాల విద్య ఈనాటికీ నేర్చుకుంటున్నారు. ఆ విమానాలకి వాడే కర్ర బల్సా. దక్షిణ అమెరికాలో ఈక్వెడార్ దేశం నుంచి వస్తుంది. అరచేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియనంత తేలిక. అది మొదటిసారి పట్టుకున్నప్పుడు నాకు నిర్మల్ బొమ్మల పొణికి కర్ర గుర్తొచ్చింది. అదీ అంతే, మెత్తన, తేలిక, ఉలికి ఎదురుచెప్పదు. నిర్మల్ కళాకారులు దానితో నెమళ్లూ లేళ్లూ చేసి ఎగరకుండా మన అద్దాల బీరువాల్లో నిలబెట్టారు. అది వాళ్ల దయ.

1950లలో ఒక మీట పోయి పది మీటలు వచ్చాయి. ఎలాగంటే, హార్మోనియం సూత్రంతో. హార్మోనియంలో ఒక్కో రీడు ఒక్కో స్వరం పలుకుతుంది కదా! దాన్నే తిరగేశారు. కింద ఉన్న మనిషి మీట నొక్కితే ఒక స్వరం గాలిలో పోతుంది. విమానంలో వరసగా బిగించిన చిన్న చిన్న రేకుల్లో ఆ స్వరానికి చెందిన రేకు ఒక్కటే వణుకుతుంది. అది వణికితే ఒక మోటారు తిరుగుతుంది. సరిగమలతో విమానం నడిపారన్న మాట! 1960లలో ట్రాన్సిస్టర్లు చవకయ్యాక ఇప్పుడు మనం చూసే రెండు పుల్లల పెట్టె వచ్చింది. వేలితో పుల్లను ఎంత జరిపితే విమానం తోక అంతే జరుగుతుంది. కొంచెం అంటే కొంచెం. గుర్రపు పగ్గం లాగినట్టు. నా లెక్కలో అసలైన కంట్రోలరు పుట్టింది అప్పుడే.

అయినా మా వాడ షడ్డకుల చిక్కు తీరలేదు. ఒక మైదానంలో పదిమంది విమానాలు తెస్తే ఏ ఇద్దరి స్టేషనూ ఒకటి కాకూడదు. పెట్టెలో గోరంత స్ఫటికపు ముక్క ఒకటి ఉండేది. దాన్ని క్రిస్టల్ అనేవారు. అదే స్టేషన్ను నిర్ణయించేది. 27 మెగాహెర్ట్‌జ్ పట్టీలో ఆరు దారులకు ఆరు రంగులు పెట్టుకున్నారు. ఎవరి రంగు రిబ్బను వాళ్ల ఏరియల్‌కి కట్టుకోవాలి. మైదానం పక్కన ఒక చెక్క, దాని మీద బట్టలు ఆరేసే క్లిప్పులు. ఒక్కో క్లిప్పు మీద ఒక్కో దారి పేరు. క్లిప్పు తీసుకుని మెడలో పెట్టుకున్నవాడే పెట్టె స్విచ్చి వెయ్యాలి. దిగాక క్లిప్పు తెచ్చి చెక్కకి పెట్టాలి. నల్లా దగ్గర బిందెల వరస తప్పితే ఏమవుతుందో మనకి తెలుసు. ఇక్కడ వరస తప్పి స్విచ్చి వేస్తే ఎవరో ఏడాదిపాటు కట్టుకున్న విమానం పైనుంచి రాయిలా వచ్చి పడేది. కోట్ల రూపాయల పరిశోధనలు చేసిన దేశాల్లో కూడా దశాబ్దాలపాటు ఈ వ్యవహారం బట్టల క్లిప్పు మీద నడిచిందంటే నాకు ఎందుకో సంతోషంగా ఉంటుంది.

మన దగ్గర అంతమంది విమానాలవాళ్లు ఎక్కడున్నారు! 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం గాలిలోకి సంకేతం పంపటమంటే అనుమతులతో పని. పైగా మన ఉత్తర తెలంగాణలో నక్సలైట్ల కాలంలో, పోలీసుల గాలింపుల కాలంలో "వైర్‌లెస్" అంటే పోలీసు జీపు. "రిమోట్" అనే మాట పేపర్లో కనిపిస్తే మందుపాతర వార్తేమోనని గుండె గుభేలుమనేది. అలాంటి రోజుల్లో పొలంగట్టు మీద ఏరియల్ లాగి నిలబడే కొడుకును ఏ తల్లి ప్రోత్సహిస్తుంది? ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం 1986లో వచ్చింది. గోండీ పాటలు రేడియోలో వినిపించాయి. గాలి మనకి వినటానికి తెరుచుకుంది. పంపటానికి తెరుచుకోవటానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఈ చిక్కుముడిని విప్పే ఉపాయం ఒకటి అప్పటికి నలభై ఏళ్ల ముందే కాగితం మీద ఉంది. పెట్టినవాళ్లలో ఒకరు సినిమా నటి!

హెడీ లామార్ 1914లో వియన్నాలో పుట్టింది. మొదటి భర్త ఆయుధాల వ్యాపారి. ఇంటికి వచ్చే అతిథులు భోజనాల దగ్గర టార్పిడోల గురించి, వాటిని దూరం నుంచి నడపటంలో ఇబ్బందుల గురించి మాట్లాడుకునేవారు. పక్కన కూర్చున్న అందమైన ఇల్లాలికి ఏం అర్థమవుతుందిలే అనుకుని ఉంటారు. (వడ్డించే ఆడవాళ్ల ముందు మగవాళ్లు ఎన్ని రహస్యాలు మాట్లాడతారో!) ఆమె 1937లో ఆ కాపురాన్ని వదిలి వెళ్లిపోయింది. హాలీవుడ్ చేరి పెద్ద తార అయింది. 1940 సెప్టెంబరులో "సిటీ ఆఫ్ బెనారస్" అనే ఓడ, ఇంగ్లండు పిల్లల్ని యుద్ధానికి దూరంగా తీసుకుపోతుంటే, జర్మన్ జలాంతర్గామి టార్పిడోతో కొట్టి ముంచేసింది. తొంభైమంది పిల్లల్లో డెబ్భైఏడుగురు పోయారు. ఆ ఓడలో మన దేశపు నావికులు కూడా ఎందరో ఉన్నారు. అలాంటి వార్తలే ఆమెను నిద్రపోనివ్వలేదంటారు.

జార్జ్ అంథైల్ అనే సంగీతకారుడితో కలిసి ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. టార్పిడోను రేడియోతో నడిపితే శత్రువు ఆ స్టేషన్ పట్టుకుని గోల చేసి చెడగొడతాడు. మరి స్టేషన్ ఒకచోట ఉండకపోతే? క్షణానికో దారి మారుతుంటే? పంపేవాడికీ అందుకునేవాడికీ ఆ మార్పుల వరస ముందే తెలిసి ఉంటే చాలు. అత్తగారికి వినపడకుండా మాట్లాడుకోవాలనుకున్న అక్కాచెల్లెళ్లు ఒక మాట వంటింట్లో, ఒక మాట పెరట్లో, ఒక మాట దేవుడి గదిలో చెప్పుకున్నట్టు. ఏ గదిలో నిలబడి విన్నవారికైనా ఒక్క ముక్కే దొరుకుతుంది.

ఇద్దరూ ఒకేసారి గది మారటానికి అంథైల్ దగ్గర సాధనం ఉంది. తనంతట తానే వాయించుకునే పియానోలు అతని సంగీతంలో భాగం. వాటిలో రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్ట తిరుగుతుంటే ఆ రంధ్రాలను బట్టి మెట్లు మోగుతాయి. నేతగాళ్ల ఇళ్లలో జకార్డు అట్టలు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. చీర అంచులో ఏ పోగు లేవాలో రంధ్రమే చెబుతుంది. అలాంటి చుట్ట ఒకటి ఓడలో, ఒకటి టార్పిడోలో. పియానోకి 88 మెట్లు కాబట్టి దారులూ 88. 1942 ఆగస్టులో పేటెంటు ఇచ్చారు. అందులో ఆమె పేరు సినిమా పేరు కాదు, హెడీ కీజ్లర్ మార్కీ అని ఉంటుంది. అమెరికా నౌకాదళం యుద్ధంలో దాన్ని వాడలేదు. ఆమె చేత యుద్ధబాండ్లు అమ్మించారు. పేటెంటు గడువు డబ్బేమీ తేకుండానే తీరిపోయింది. 1997లో, ఎనభై దాటాక, ఒక సంస్థ బహుమతి ఇచ్చింది. 2000 జనవరిలో ఆమె కన్నుమూసింది.

అంతా ఆమెతోనే మొదలైందని రాస్తే అది అభిమానమే తప్ప చరిత్ర కాదు. దారులు మార్చే ఆలోచన అంతకు ముందు కూడా కొందరికి వచ్చింది. ఈనాటి పెట్టెలు చేసిన ఇంజనీర్లు ఆమె కాగితాలు ముందు పెట్టుకుని చెయ్యలేదు. కాని రేడియోతో నడిచే వస్తువును పరాయి గోల నుంచి కాపాడటానికి దారులు మారుతూ పోవాలని అంత స్పష్టంగా రాసి సంతకం పెట్టినవాళ్లలో ఆమె ఉంది. ఈనాడు పిల్లల చేతుల్లో ఉన్న కంట్రోలర్లలో చాలావాటిలో జరుగుతున్నది ఆ దూకుళ్లే.

బొమ్మల లోకంలోకి ఆ పద్ధతులు 2005 నుంచి వచ్చాయి. 2.4 గిగాహెర్ట్‌జ్ అనే పట్టీలో కొత్త పెట్టెలు దిగాయి. ఆ ఏడాదే జనవరిలో మన ప్రభుత్వమూ ఆ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని నియమాలు తెచ్చింది. ఆ ఒక్క కాగితంతో మన ఇళ్లలోకి వైఫై వచ్చింది, కంట్రోలరూ వచ్చింది. పొడుగు ఏరియల్ పోయి వేలెడు పుల్ల మిగిలింది. రిబ్బన్లు పోయాయి, క్లిప్పులు పోయాయి. ఇప్పుడు ఒకే వాకిట్లో పదిమంది పిల్లలు పది కార్లు నడిపినా మోరీలో పడేవి సొంత తప్పుకే పడతాయి.

ఇక కొనే సంగతి. మా చెల్లెలి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. నాలుగు నెలలు డబ్బులు కూడబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "పెద్దమ్మా, విమానం కొనుక్కుంట. అండ్లనే రిమోట్ ఫ్రీగ వస్తది" అన్నాడు. నేను సరే అనలేదు. చీరతో జాకెట్టు గుడ్డ వచ్చినట్టు విమానంతో వచ్చే పెట్టె ఆ విమానానికే పనికొస్తుంది. విమానం మొదటి నెలలోనే విరుగుతుంది, అది దాని ధర్మం. పెట్టె పదేళ్లు ఉంటుంది. కాబట్టి ముందు పెట్టె మంచిది కొనుక్కుని, విమానం నురుగు అట్టతో చేసిన చవకది కొనుక్కోమన్నాను. ఈ విషయంలో ఇంట్లో మగవాళ్లంతా నాకు ఎదురుచెప్పారు. వాళ్లు విమానం బొమ్మ చూసి ముచ్చటపడుతున్నారు మరి.

ఎన్ని దారులున్న పెట్టె అన్నది మొదటి ప్రశ్న. వీటిని చానళ్లంటారు. కారుకి రెండు చాలు, తిరగటానికి ఒకటి, వేగానికి ఒకటి. కారుకైతే పిస్తోలులా పట్టుకుని పక్కన చక్రం తిప్పే పెట్టె దొరుకుతుంది, చిన్నపిల్లలకి అదే సుఖం. విమానానికి కనీసం నాలుగు. ఆరు ఉంటే మొదలుపెట్టేవాడికి ధారాళం. పదహారు చానళ్లని అట్టపెట్టె మీద రాసినంత మాత్రాన ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. ఫ్లైస్కై వాళ్ల ఆరు చానళ్ల పెట్టెలు మన దేశంలో విద్యార్థుల చేతుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. ఫుటాబా, స్పెక్ట్రమ్ లాంటివి పాత పేరున్న ఇళ్లు, ధర కూడా అలాగే ఉంటుంది.

ఇంకో చిక్కు భాషది. ఒక కంపెనీ పెట్టె మాట ఇంకో కంపెనీ రిసీవరుకి అర్థం కాదు. అందుకని బహుభాషా పెట్టెలు వచ్చాయి, రేడియోమాస్టర్ వంటివి. ఆదిలాబాద్ అంగడిలో కూర్చునే వ్యాపారి ఒకరితో గోండీ, ఒకరితో మరాఠీ, ఇంకొకరితో ఉర్దూ, మనతో తెలుగు మాట్లాడి అందరికీ సరుకు అమ్మినట్టు ఆ పెట్టె నాలుగు కంపెనీల రిసీవర్లతో మాట్లాడుతుంది. మావాడికి నేను ఓటు వేసింది దానికే. చేతికి ఇమిడిందో లేదో కూడా చూడాలి. ఈ పెట్టెల్లో చాలా భాగం పెద్ద మగచేతుల కోసం చేసినట్టుంటాయి. పుల్లల పొడవు తగ్గించుకోవచ్చు, లోపల స్ప్రింగు బిగువు మార్చుకోవచ్చు. ఆ సౌకర్యం ఉన్నది అడిగి తీసుకోవాలి. పుల్లల అమరికలో మోడ్ ఒకటి, మోడ్ రెండు అని ఉన్నాయి. మోడ్ రెండులో వేగం ఎడమచేతిలో ఉంటుంది. మన దగ్గర ఎక్కువమంది వాడేది అదే కాబట్టి నేర్పేవాళ్లు దొరుకుతారు. నేర్చుకున్నాక మార్చుకోవటం ఎడమచేత్తో ముగ్గు పెట్టటం లాంటిది.

ఇంటికి తెచ్చాక మొదట చెయ్యాల్సింది పెట్టెకీ రిసీవరుకీ జత కట్టటం. బైండ్ చెయ్యటమంటారు. రిసీవరు ఆ పెట్టె గుర్తు ఒకటి మనసులో పెట్టుకుంటుంది. ఇక పక్కవాడి పెట్టె ఎంత అరిచినా తిరిగి చూడదు. తర్వాత ఏ పుల్ల ఎటు జరిపితే ఏది కదులుతుందో చూడాలి. పుల్ల కుడికి జరిపితే విమానం కుడి రెక్క చివర పలక పైకి లేవాలి. కిందికి దిగితే తిరగబడిందన్నమాట. పెట్టెలోనే దాన్ని సరిచేసే మీట ఉంటుంది. ఎగిరాక తెలుసుకుందామంటే, ఎగిరిన మూడు సెకన్లలో తెలుస్తుంది, నాలుగో సెకను ఉండదు. విమానం తనంతట తాను ఒక పక్కకి లాగుతుంటే ట్రిమ్ అనే చిన్న మీటలతో ఒక్కో గింజంత సర్దుకోవాలి. పప్పులో ఉప్పులాగ, వేసి చూసి మళ్లీ వేసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనదాన్ని పిల్లలు అన్నిటికన్నా తొందరగా దాటేస్తారు. ఫెయిల్‌సేఫ్. సంకేతం తెగిపోతే విమానం ఏం చెయ్యాలో ముందే చెప్పి ఉంచటం. చెప్పకపోతే కొన్ని రిసీవర్లు ఆఖరి ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంటాయి. ఆఖరి ఆజ్ఞ పూర్తి వేగమైతే విమానం పూర్తి వేగంతోనే ఊరి మీదికి పోతుంది. మోటారు ఆగిపోవాలని పెట్టుకోవాలి. పెట్టుకున్నాక పంకారెక్క తీసేసి, పెట్టె ఆపి, నిజంగా ఆగిందో లేదో కళ్లతో చూడాలి. ఆ తర్వాత దూరం పరీక్ష. పెట్టెలో శక్తి తగ్గించే మీట నొక్కి, ముప్పై అడుగులు వేసి నడిచి వెనక్కి, అక్కడి నుంచి విమానం మాట వింటోందో లేదో చూడాలి. ఏరియల్ మొనను విమానం వైపు గురిపెట్టకూడదు. మొన దగ్గరే సంకేతం బలహీనం.

మావాడి పెట్టెలో ఇంకో విచిత్రం ఉంది. అందులో మనకి ఇష్టమైన గొంతు నింపుకోవచ్చు. కొనగానే ఎవరో ఆంగ్ల వనిత మాట్లాడేది. వాడు వాళ్ల నానమ్మను కూర్చోబెట్టి పలికించాడు. ఇప్పుడు విమానం గాలిలో ఉండగా పెట్టెలోంచి ఆమె గొంతు వస్తుంది: "బ్యాటరీ అయిపోవట్టె బిడ్డా, ఇగ దించు." ఆ గొంతు విన్నాక ఇంకో చక్కరు కొట్టే ధైర్యం వాడికి లేదు.

ఇదంతా సరదా అనుకునేవాళ్ల కోసం పెన్‌గంగ అవతలి సంగతి ఒకటి చెప్పాలి. 2017లో మన ఆదిలాబాద్ సరిహద్దు దాటగానే వచ్చే యవత్మాల్ జిల్లాలో పత్తిచేలల్లో పురుగుమందు కొడుతూ ఆ విషం పీల్చి ఇరవైమంది దాకా రైతులు, కూలీలు చనిపోయారు. ఎత్తుగా పెరిగిన పత్తి, వీపు మీద పంపు, ముఖానికి ఒక తువ్వాల. నది ఇవతలా పత్తే. ఇవతలా అదే పంపు. మందు కలపటానికి, నీళ్లు మోయటానికి ఆడవాళ్లే. ఇప్పుడు కరీంనగర్ వరిపొలాల మీద, ఆదిలాబాద్ పత్తి మీద పది లీటర్ల మందు మోసుకుని డ్రోన్ ఎగురుతోంది. ఎకరానికి పది నిమిషాలు కూడా పట్టదంటారు. నడిపే మనిషి గాలికి ఎదురు కాకుండా, గట్టు మీద, ఆ మబ్బుకి దూరంగా నిలబడుతుంది. దూరంలో ఉన్న విలువ మొదటిసారి ఇక్కడ నాకు లెక్కకి వచ్చింది. దుబాయి పెట్టె తెచ్చిన దూరం వేరు, ఈ దూరం వేరు.

నిలబడుతుంది అని ఊరికే రాయలేదు. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం నమో డ్రోన్ దీదీ అని పథకం తెచ్చింది. దేశంలో పదిహేను వేల మహిళా సంఘాలకు డ్రోన్లు, ధరలో ఎనభై శాతం, ఎనిమిది లక్షలు మించకుండా సాయం, సంఘం సభ్యురాలికి పదిహేను రోజుల శిక్షణ. 2021 డ్రోన్ నియమాల ప్రకారం నడిపే సర్టిఫికెట్టుకి పద్దెనిమిదేళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి. ఇంతకాలం వీపు మీద పంపు పెట్టేటప్పుడు ఎవరూ పదో తరగతి అడగలేదు కాని, ఇది అడగటం న్యాయమే. అయితే పదో తరగతి పాసైన చెల్లెలికి కూడా పెట్టె తెరమీద అక్షరాలు ఇంగ్లీషులోనే కనిపిస్తాయి. "సిగ్నల్ లాస్ట్" అని మెరిస్తే చదివి అర్థం చేసుకునే లోపల ఏం జరగాలో ముందే పెట్టి ఉంచుకోవాలి. అందుకే ఫెయిల్‌సేఫ్ గురించి అంత చాదస్తంగా చెప్పింది. పెద్ద డ్రోన్లలో సంకేతం తెగితే బయలుదేరిన చోటికే తిరిగివచ్చే ఏర్పాటు ఉంటుంది. అది ఎంత ఎత్తున రావాలో పెట్టేటప్పుడు పొలంలో వేపచెట్టు ఎత్తు, కరెంటు తీగల ఎత్తు చూసుకుని పెట్టాలి. పెట్టె తయారుచేసినవాడికి మన వేపచెట్టు ఎంత ఎత్తో తెలియదు.

పిల్లల విమానాలకి ఇంత తతంగం లేదు. పావు కిలో లోపు బరువున్నవాటికి సర్టిఫికెట్టు అక్కర్లేదు. వ్యాపారానికి కాకపోతే రెండు కిలోల దాకా అక్కర్లేదు. మ్యాపులో పచ్చరంగు ఉన్నచోట నాలుగు వందల అడుగులు దాటి ఎగరకూడదు. విమాన మైదానాల చుట్టుపక్కల పసుపు, ఎరుపు రంగులుంటాయి. ఆదిలాబాద్‌లో నిజాం కాలంనాటి మైదానం ఉంది, బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర రన్‌వే ఉంది. ఆ పక్కల ఉన్నవాళ్లు డిజిటల్ స్కై మ్యాపు చూసుకునే బయలుదేరాలి. ఖాళీగా పడి ఉందని వెళ్లకూడదు.

ఇక ఇంట్లో తల్లులు గుర్తుపెట్టుకోవలసింది ఒకటే వరస. పంకారెక్క వేళ్లు కోస్తుంది, కాబట్టి వరస ముఖ్యం. ముందు వేగం పుల్ల కిందికి దించి చేతిలో పెట్టె వెయ్యాలి. ఆ తర్వాతే విమానానికి బ్యాటరీ తగిలించాలి. దిగాక తిరగేసి, ముందు విమానంలో బ్యాటరీ ఊడదియ్యాలి. అది ఊడిందని చూసుకున్నాకే చేతిలో పెట్టె ఆపాలి.